దశాంశాలు నేర్పేందుకు సిక్కోలు బజారు

7.3లోంచి 4.58 తీసేయమంటే 3.28 అని రాసే పిల్లలు అమెరికాలోని మన ఇళ్లలో కనిపిస్తూనే ఉంటారు. 8 పైన ఏమీ లేదు కాబట్టి దాన్ని అలాగే దించేస్తారు. 3లోంచి 5 పోదు కాబట్టి 5లోంచి 3 తీసేస్తారు. సరైన జవాబు 2.72. 'పాయింట్ కింద పాయింట్ పెట్టు, ఖాళీలో సున్నా వెయ్యి' అని మనం వందసార్లు చెబుతాం. పాపం, ఆ సున్నా ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు తెలియదు.

అమెరికాలో పెరిగే పిల్లలకు ఇది కష్టమవడంలో వింత లేదు. అక్కడ పౌండుకు 16 ఔన్సులు, అడుగుకు 12 అంగుళాలు. రోజూ చూసే కొలతల్లో పదుల లెక్క లేదు. డాలర్లు, సెంట్లు ఉన్నాయి కానీ పాయింట్ తర్వాత దాదాపు ఎప్పుడూ రెండంకెలే. 7.3, 4.58 లాంటి ఎగుడుదిగుడు జంట ధరల్లో కనిపించదు.

అందుకే నా మాట: వేసవి సెలవులకు శ్రీకాకుళం, అదే మన సిక్కోలు, వచ్చినప్పుడు ఈ లెక్క అక్కడ నేర్పండి. పలాస జీడిపప్పు రెండు కిలోలు కొన్నారు, పక్కింటికి 350 గ్రాములు ఇచ్చారు. ఎంత మిగిలింది? 2 లోంచి 0.35 తీసేయాలి. 2ని తీసుకెళ్లి 5 ఉన్న నిలువు వరుసలో పెట్టిన పిల్లకు 0.33 వస్తుంది. సంచి చేత్తో పట్టుకుంటే చాలు, అది తప్పని తనకే తెలుస్తుంది. ఇప్పుడు అప్పు తెచ్చుకోవడం చూపించండి. ఒక కిలో విప్పితే వంద గ్రాములవి పది. అందులో ఒక వంద విప్పితే పది గ్రాములవి పది. అంటే పైన 1, 9, 10 ఉన్నాయి. పదిలోంచి 5 పోతే 5, తొమ్మిదిలోంచి 3 పోతే 6, కిలో ఒకటి. మిగిలింది 1.65. దానికి 0.35 కలిపి 2 వస్తుందో లేదో పిల్లల చేతే చూడనివ్వండి.

పొందూరు ఖాదీ కొంటే మీటర్లతో ఇదే లెక్క: 5 మీటర్ల తానులో 2.75 కోస్తే 2.25.

బాగా పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే మరీ మంచిది. 1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి 16 అణాలు, ఆ తర్వాత 100 నయాపైసలు. రెండు లెక్కలూ చేసిన తాతగారు అణాల్లో ఒక తీసివేత, పైసల్లో ఒక తీసివేత పక్కపక్కన వేసి చూపిస్తే, అప్పు తెచ్చుకున్న ఒకటి ఎక్కడ పదహారైందో ఎక్కడ పదైందో పిల్లలు కళ్లారా చూస్తారు. వర్క్‌షీట్లు ఆ తర్వాత ఇవ్వండి.