సవరణ: ఆర్‌వీ (లోపలే ఉండటానికి, పడుకోవడానికి వీలున్న బండి) బయటి లైట్ల గురించి

పోయిన పోస్టులో "ఆనింగ్ (బండి పక్కన చాపే గుడ్డ పందిరి) కింద ఎల్‌ఈడీ పట్టీ రాత్రంతా వెలగనివ్వండి, బ్యాటరీకి ఏమీ కాదు" అని రాశాను. రెండు విధాలా తప్పు.

ముందు లెక్క. మా పట్టీ 12 వోల్టుల మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. పది గంటలకు 20 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో నిల్వ ఉండే కరెంటుకు కొలత). మాది 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ, అందులో సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. అంటే చేతిలో ఉన్న 50లో 20 లైటుకే పోయినట్టు! కరెంటు హుకప్ (బండికి బయటి నుంచి ఇచ్చే కరెంటు కనెక్షన్) ఉన్నచోట చెల్లిన మాట, లేనిచోట కూడా చెల్లుతుందన్నట్టు రాసేశాను. తెల్లవారుజామున బ్యాటరీ దిగిపోయి హీటర్ ఫ్యాన్ మూలిగితే గానీ తెలిసిరాలేదు.

రెండోది ఇంకా సిగ్గుచేటు. అమెరికాలో యూటా రాష్ట్రంలోని నాచురల్ బ్రిడ్జెస్ అనే రక్షిత ప్రదేశం 2007లో ప్రపంచంలోనే మొదటి అంతర్జాతీయ డార్క్ స్కై పార్క్ (రాత్రి ఆకాశపు చీకటిని కాపాడే చోటు) అయింది. జనం అక్కడికి వెళ్లేదే చీకటి కోసం. అలాంటి చోట మేం తెల్ల లైటు వేసుకుని కూర్చున్నాం. పక్కవాళ్ల గుడారం గుడ్డ మీద మా నీడలు తోలుబొమ్మలాట! ఆ గుడారంలోని పెద్దాయన వచ్చి మర్యాదగానే అడిగాడు. కళ్లు చీకటికి అలవాటుపడటానికి అరగంట దాకా పడుతుందట, మా లైటు ఒక్కసారి తగిలితే మళ్లీ మొదటికే.

ఇప్పుడు వంట, చేతులు కడుక్కోవడం అయ్యేదాకానే పసుపు లైటు (పురుగులూ తక్కువే). తర్వాత మెట్టు దగ్గర చిన్న ఎర్ర లైటు, అదీ దిగేటప్పుడు మాత్రమే. పాత పోస్టులో ఆ వాక్యం కొట్టేశాను.