సౌలు కూడా ఏడ్చాడు

మన క్రైస్తవ సంఘాల్లో భార్యాభర్తల మధ్య రాజీ ఎలా జరుగుతుందో అందరికీ తెలిసిందే. ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారి (పాస్టరు గారి) ముందు గదిలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. భర్త తల దించుకుని కూర్చుంటాడు. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంటుంది. ఓ పెద్దాయన "డెబ్బది ఏళ్ల మారులు", అంటే డెబ్బై ఏడుల సార్లు క్షమించాలి అని అందుకుంటాడు. చేతులు కలిపి ప్రార్థన చేస్తారు, అతను ఏడుస్తాడు, టీ బిస్కెట్లు వస్తాయి. సాయంత్రానికి ఆమె మళ్లీ ఆ ఇంట్లోనే. ఎన్నిసార్లు కొట్టావు, దేంతో కొట్టావు, ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉంది, తాగుడు మానడానికి ఏ ఆసుపత్రికి వెళ్తున్నావు అని ఒక్కరూ అడగరు. అడిగితే "ఆత్మీయత లేదు" అంటారు!

ఆ పెద్దాయన ఎత్తిన వచనం మత్తయి 18:22. అదే అధ్యాయంలో అయిదు వచనాలు వెనక్కి వెళ్తే, ఎంత చెప్పినా వినని వాణ్ణి అన్యుడిలాగా సుంకరిలాగా (పన్ను వసూలు చేసేవాడిలాగా) ఎంచుకో అని ఉంది. చెప్పినవాడు యేసే. ఆ ముక్క ఎత్తేవాళ్లు మాత్రం కనబడరు.

క్షమించడం ఒకటి, మళ్లీ కలిసి బతకడం ఇంకొకటి. మొదటిది మీరూ దేవుడూ తేల్చుకునేది, పగ తీర్చుకునే హక్కు ఆయనకు వదిలేయడం. అవతలివాడు మారకపోయినా, చచ్చిపోయినా చేయొచ్చు. రెండోదానికి ఇద్దరు కావాలి, అందులో ఒకరు మారి ఉండాలి. లూకా 17:3లో "అతడు మారుమనస్సు పొందినయెడల" అని షరతు కూడా ఉంది. రోమా 12:18 కూడా "శక్యమైతే" అనే మొదలవుతుంది. ఆ మాట మింగేసి మిగతాది చదవడం మనకు అలవాటైపోయింది.

దావీదు సంగతి చూడండి. రాజైన సౌలు ఈటె విసిరితే రెండుసార్లు తప్పించుకున్నాడు. తర్వాత సౌలు కొడుకు యోనాతాను మధ్యవర్తిత్వం చేశాడు, యెహోవా జీవముతోడు చంపనని సౌలు ఒట్టేశాడు, దావీదు తిరిగి కొలువుకు వెళ్లాడు. అచ్చం మన అయ్యగారి గది రాజీ. నాలుగు వచనాలు తిరక్కుండానే ఈటె మళ్లీ గోడకు దిగింది. ఆ రాత్రి దావీదు భార్య మీకాలు అతన్ని కిటికీలోంచి దించి పంపించింది. ఏన్గెదీ గుహ దగ్గర సౌలు బిగ్గరగా ఏడ్చాడు, "నాకంటె నీవు నీతిపరుడవు" అన్నాడు. అప్పుడు దావీదు ఏం చేశాడు? సౌలు ఇంటికి పోయాడు, దావీదు కొండ స్థలానికి ఎక్కాడు. మంచి పనే చేశాడు, ఎందుకంటే సమూయేలు మొదటి గ్రంథం 24వ అధ్యాయంలో మూడు వేలమందితో వచ్చిన సౌలు 26లో మళ్లీ మూడు వేలమందితోనే దిగాడు. చేతికి చిక్కినవాణ్ణి దావీదు రెండుసార్లూ చంపలేదు, అది క్షమాపణ. రెండోసారి "నాయనా, తిరిగి రా" అని పిలిచినా వెళ్లలేదు. నిద్రపోతున్న సౌలు పక్కనుంచి తీసుకొచ్చిన ఈటె కూడా తనే పట్టుకెళ్లి ఇవ్వలేదు, మీ పనివాడొకణ్ణి పంపి తెప్పించుకోండి అన్నాడు.

కాబట్టి ఏడుపు లెక్కలోకి రాదు. ఏది వస్తుందో యేసును కలిశాక మారిన సుంకరి జక్కయ్య చూపించాడు: ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. అంకె చెప్పాడు, ఎవరికి ఇస్తాడో చెప్పాడు. మీ ఇంట్లో ఆయన "తప్పైపోయింది, కానీ నువ్వు కూడా..." అంటే ఆ "కానీ" దగ్గరే పశ్చాత్తాపం ఆగిపోయినట్టు. నిజంగా మారినవాడు చేసింది పేరుపెట్టి చెబుతాడు, తాకట్టు పెట్టిన గాజులు విడిపించి తెస్తాడు, చికిత్సకు తనంతట తను వెళ్తాడు. అన్నిటికన్నా ముఖ్యం, తొందరపెట్టడు. "క్షమించావుగా, ఇంకా ఇంటికి రావేం?" అని మూడో రోజే అడిగేవాడికి కావాల్సింది వంటమనిషి.

ఇక స్నేహితులు, చుట్టాలు, సంఘంలో పక్క సీటువాళ్లు. అప్పు తీసుకుని ఎగ్గొట్టేవాళ్లు, మీ ఇంటి గుట్టు "ప్రార్థన వినతి" పేరుతో వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లు. వీళ్లకు మత్తయి 18 వరసే సరైనది. ముందు ఒంటరిగా, ఎదురుగా మాట్లాడండి. వాయిస్ మెసేజ్ వద్దు, అది పదిమందికి వెళ్తుంది. ఒక్క సంఘటన, అది జరిగిన రోజు, మీకు కావాల్సిన ఒక్క మార్పు, అంతే. "నువ్వెప్పుడూ ఇంతే" అన్నారంటే గొడవ పాత చరిత్ర మీదికి పోతుంది. వినకపోతే ఇద్దరిని తీసుకెళ్లండి, ఇరుపక్షాల బంధువులూ కానివాళ్లను. అప్పటికీ వినకపోతే వందనాలు చెప్పి దూరంగా ఉండండి.

కొట్టేవాడి దగ్గర మాత్రం ఈ వరస పాటించొద్దు. ఒంటరిగా వెళ్లి గద్దించమన్నది సమానుల మధ్య మాట. భయపెట్టేవాడి ముందు ఒంటరిగా నిలబడి "నేను వెళ్లిపోతున్నా" అని ప్రకటించడం ప్రాణం మీదికి తెస్తుంది. మీకాలు కూడా దావీదు వెళ్లేదాకా సౌలు మనుషుల ముందు నోరు విప్పలేదు. ముందు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, వారానికి సరిపడా మందులు, కొంత డబ్బు నమ్మకమైన మనిషి ఇంట్లో పెట్టండి. నంబర్లు కాగితం మీద రాసుకోండి, ఫోను లాక్కునే అవకాశం ఉంది. దెబ్బ తగిలి ఆసుపత్రికి వెళ్తే డాక్టరుకు ఎలా తగిలిందో ఉన్నదున్నట్టు చెప్పండి. పరువు కోసం "మెట్ల మీద జారాను" అంటే చీటీ మీద అదే ఉంటుంది, రేపు కోర్టులో అదే చదువుతారు. 181 మహిళల హెల్ప్‌లైన్, ప్రాణం మీదికొస్తే 112. 2005 గృహహింస చట్టం కింద రక్షణ అధికారి దగ్గర నివేదిక రాయించవచ్చు. ఆ చట్టం దెబ్బల్నే కాదు, తిట్లనూ, ఖర్చులకు డబ్బివ్వకుండా ఏడిపించడాన్నీ హింసే అంటుంది.

"క్రైస్తవురాలు కోర్టుకెక్కడమేంటి" అనే వాళ్లకు పౌలును చూపించండి. కొరడా దెబ్బలు పడబోతుంటే రోమా పౌరుణ్ణని చట్టం ఎత్తాడు, ఆనక రోమా చక్రవర్తి కైసరుకే అప్పీలు చేసుకున్నాడు. మనకున్న విడాకుల చట్టం 1869 నాటిది. 2001 సవరణ వచ్చేదాకా భార్యకు క్రూరత్వం ఒక్కటే చాలేది కాదు, వ్యభిచారం కూడా రుజువు చేయాల్సి వచ్చేది. ఇప్పుడు చాలు. విడాకులకు మనసొప్పనివాళ్లకు 22వ సెక్షన్ కింద జ్యుడీషియల్ సెపరేషన్ ఉంది: పెళ్లి నిలబడే ఉంటుంది, కాపురం మాత్రం వేరు. విడాకులను అసలు ఒప్పుకోని కతోలిక సంఘం కూడా తన 1983 ధర్మశాస్త్రం 1153వ నియమంలో, శరీరానికో మనసుకో తీవ్ర ప్రమాదం ఉంటే విడిగా ఉండొచ్చంది. ఆలస్యం ప్రమాదమైతే బిషపు గారి ఉత్తర్వు కోసం ఆగక్కర్లేదని కూడా రాసుకుంది.

బయటపడ్డాక రాత్రుళ్లు వచ్చే అపరాధ భావం అసలు కష్టం. అప్పుడు 55వ కీర్తన మొత్తం చదవండి, బయటికే చదవండి. "నీ భారము యెహోవామీద మోపుము" అని క్యాలెండర్ల మీద వేసే వాగ్దానం అందులోదే. అది శత్రువు గురించి రాసిన కీర్తన కాదు, తనతో కలిసి మందిరానికి నడిచిన స్నేహితుడు చేసిన ద్రోహం గురించి. మిమ్మల్ని బాధపెట్టినవాళ్ల కోసం ప్రార్థన చేయండి, "నీకోసం ప్రార్థిస్తున్నా" అని మెసేజ్ మాత్రం పెట్టకండి. ఆ ఒక్క మెసేజ్‌తో మళ్లీ నలభై మెసేజ్‌లు మొదలవుతాయి.

ఇంకో మాట, పెద్దలకు. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) రోజున "ముందు సమాధానపడి రా" అని ఆమెను ఆపేవాళ్లున్నారు. మత్తయి 5:23 తెరిచి చూడండి: "నీమీద నీ సహోదరునికి విరోధమేమైనను" ఉంటే అని ఉంది. అర్పణ అక్కడే విడిచి వెళ్లమన్నది తప్పు చేసినవాణ్ణి. ఆయన ముందు వరసలో కూర్చుని రొట్టె తీసుకుంటున్నాడు, ముందు ఆయన్ని లేపండి.