9 డాలర్ల సంతకం

2014 జనవరి 1న అర్ధరాత్రి దాటిన కొద్ది నిమిషాలకు, బ్రూక్లిన్‌లోని తన ఇంటి ముంగిట నిలబడి బిల్ డి బ్లాసియో న్యూయార్క్ మేయర్‌గా ప్రమాణం చేశారు. కాగితం మీద సంతకం పెట్టి, నగర క్లర్కుకు (నగర రికార్డులు చూసే అధికారి) కట్టాల్సిన 9 డాలర్ల ఫీజు కట్టారు. చట్టం అడిగింది అంతే. మధ్యాహ్నం సిటీ హాల్ ముందు జరిగిన సభ, మాజీ దేశాధ్యక్షుడు బిల్ క్లింటన్ వచ్చి మళ్లీ చేయించిన ప్రమాణం, ప్రసంగాలు, చప్పట్లు, ఇవన్నీ ఆ సంతకం చుట్టూ వేసిన పందిరి. మర్నాటి వార్తల నిండా పందిరే.

ఇది ఒక్క న్యూయార్క్ సంగతి కాదు. కొత్త నగర పాలకవర్గం కొలువుదీరే రోజు ఎక్కడైనా ఇలాగే ఉంటుంది. ఏర్పాట్లు చేసేవాళ్లు ఫొటో ఎలా వస్తుందో చూసుకుని వేదిక వేస్తారు. పత్రికలవాళ్లం మేము కూడా ఆ ఫొటో కోసమే వెళ్తాం. ఇద్దరికీ కావాల్సింది ఒకటే కావడంతో ఆ రోజు ఎవరికీ ఎవరితోనూ పేచీ ఉండదు. ప్రభుత్వానికీ పత్రికకూ మధ్య ఇంత సఖ్యత కనిపించిందంటే పాఠకులు కాస్త అనుమానించాల్సిందే. అనుమానించడానికి కారణాలు మా దగ్గరే ఉన్నాయి కాబట్టి ఈ మాట మేమే అంటున్నాం.

ఏర్పాట్లు ఎక్కడ మొదలవ్వాలి? మామూలుగా మొదలయ్యేది వేదికతో, పిలవాల్సినవాళ్ల జాబితాతో. ముందు వరసలో ఎవరు, రెండో వరసలో ఎవరు అన్నదాని మీద జరిగినంత చర్చ ఆ తర్వాత బడ్జెట్ మీద కూడా జరగదేమో. మొదట తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. పదవీకాలం ఏ క్షణం నుంచి లెక్క? ప్రమాణం చేయించే అధికారం ఎవరిది? ప్రమాణ వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఎలా ఉంది? సంతకమైన కాగితం ఏ గదిలో, ఎవరి దగ్గర ఉంటుంది? ఇవి తేలితే ఆ రోజు వాన కురిసినా, మైకు మొరాయించినా పాలన ఆగదు. న్యూయార్క్‌లో మేయర్ పదవీకాలం జనవరి 1తో మొదలవుతుంది. అందుకే అక్కడ చాలామంది అర్ధరాత్రి చిన్నగా ప్రమాణం కానిచ్చి, పగలు తీరిగ్గా పెద్ద సభ పెట్టుకుంటారు. ఈ పద్ధతి విలువ 2022లో బాగా తెలిసొచ్చింది. బ్రూక్లిన్ కింగ్స్ థియేటర్‌లో కొత్త మేయర్ ఎరిక్ ఆడమ్స్ తలపెట్టిన సభ కోవిడ్ ఒమిక్రాన్ వల్ల వాయిదా పడింది. పదవి మాత్రం వాయిదా పడలేదు. అర్ధరాత్రి దాటగానే టైమ్స్ స్క్వేర్‌లో, చేతిలో తల్లి ఫొటో పట్టుకుని ఆయన ప్రమాణం చేసేశారు.

హంగూ ఆర్భాటం లేకపోతే పదవికి గౌరవం ఉంటుందా అని అడిగేవాళ్లు లండన్‌లోని గిల్డ్‌హాల్‌ను చూడాలి. ఆ మహానగరం నడిబొడ్డున ఉన్న పాత ‘సిటీ’కి ఏటా ఒక లార్డ్ మేయర్ బాధ్యత తీసుకుంటారు. (లండన్ మొత్తానికీ జనం ఎన్నుకునే మేయర్ పదవి వేరు. ఈ రెండింటినీ కలిపేసి రాసే పొరపాటు పత్రికల్లో తరచూ జరుగుతుంది.) నవంబరులో జరిగే ఆ బాధ్యతల మార్పిడికి పేరే ‘మౌన వేడుక’. కొత్తగా వచ్చేవారు చదివే చిన్న ప్రమాణం తప్ప ఇంకెవరూ నోరు విప్పరు. ఖడ్గం, రాజదండం, ముద్ర ఒకరి నుంచి మరొకరికి అందుతాయి. మర్నాడు వీధుల్లో ఊరేగింపు. అక్కడ ఎంత సందడి కావాలంటే అంత. 1215లో జాన్ రాజు ఇచ్చిన శాసనం ప్రకారం మేయర్ ఏటా వెళ్లి రాజు పట్ల విధేయత ప్రకటించాలి. ఆ ప్రయాణమే పెరిగి పెరిగి ఊరేగింపు అయింది. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా వాళ్లు ఒక రోజు మౌనానికి, ఒక రోజు మేళానికి విడివిడిగా ఉంచుకున్నారు. మిగతా నగరాల్లో ఈ రెండూ ఒకే గంటలో, ఒకే వేదిక మీద కలిసిపోతాయి. మేళం ముందు మౌనం ఏం నిలుస్తుంది?

వేదికకు ఎంచుకునే చోటు మీద మాకు అభ్యంతరం లేదు. నోరు తెరిచి చెప్పలేని మాట చోటు చెబుతుంది. 2016 మే నెలలో సాదిక్ ఖాన్ లండన్ మేయర్‌గా బాధ్యత తీసుకుంటూ సదర్క్ కెథెడ్రల్‌లో సంతకం చేశారు. ముస్లిం అయిన మేయర్ చర్చిలో కూర్చుని సంతకం పెడుతుంటే చూసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేకపోయింది. 2026 జనవరి 1న జొహ్రాన్ మమ్దానీ న్యూయార్క్ మేయర్‌గా అర్ధరాత్రి ప్రమాణం చేసింది పాత సిటీ హాల్ సబ్‌వే (భూగర్భ రైలు) స్టేషన్‌లో. 1904లో తెరిచి, 1945లో మూసేసిన స్టేషన్ అది. బస్సు ప్రయాణం ఉచితం చేస్తానని ప్రచారం చేసిన మనిషి ఒక స్టేషన్‌లో నిలబడి పదవి చేపట్టడం బాగుంది. అయితే ఇలాంటి చోట్లతో మా వృత్తికి ఒక చిక్కుంది. చోటు ఎంత అపురూపమైతే లోపల పట్టే కెమెరాలు అంత తక్కువ. అప్పుడు ఒకరిద్దరు వెళ్లి తీసిందే మిగతా అందరూ పంచుకోవాలి. ఆ ఒకరిద్దరు ఎవరో తేల్చేది మేయర్ మనుషులా, విలేకరులా? విలేకరులు తేల్చితే అది ఏర్పాటు, మేయర్ ఆఫీసు తేల్చితే అది ఎంపిక. ఏర్పాట్ల కమిటీలు ఈ తేడాను గుర్తించిన సందర్భాలు తక్కువ.

ఎంత పకడ్బందీగా ప్లాన్ వేసినా కెమెరా తన దారి తను వెతుక్కుంటుంది. 1994లో రుడాల్ఫ్ జూలియానీ న్యూయార్క్ మేయర్‌గా మొదటి ప్రసంగం చేస్తుంటే, ఏడేళ్ల కొడుకు పక్కనే నిలబడి తండ్రి మాటల్ని తనూ అంటూ, చేతులు ఊపుతూ ఉన్నాడు. టీవీ కామెడీ కార్యక్రమం దాకా వెళ్లింది ఆ ముచ్చట. ఆ ప్రసంగంలో ఏముందో చెప్పమంటే చెప్పగలిగేవాళ్లు అరుదు. పిల్లవాడి సంగతి చాలామందికి గుర్తు. అది నవ్వుకోదగ్గ విషయం, ఎవరికీ నష్టం లేదు. 1966లో అదే నగరానికి మేయరైన జాన్ లిండ్సే కథ వేరు. ఆయన పదవిలోకి వచ్చిన రోజు, జనవరి 1 తెల్లవారుజామునే, సబ్‌వే, బస్సు కార్మికులు సమ్మెకు దిగారు. 12 రోజులు సాగింది. ఏ ప్రోగ్రాం కార్డులోనూ లేని ఆ ఘటన ముందు సభ ముచ్చట్లు చిన్నబోయాయి.

డి బ్లాసియో సభలోనూ జరిగింది అలాంటిదే, కాకపోతే అది చేజేతులా తెచ్చుకున్నది. దిగిపోతున్న మేయర్ మైకేల్ బ్లూమ్‌బర్గ్ వేదిక మీదే కూర్చుని ఉండగా, కొందరు వక్తలు ఆయన పాలనను ఆయన ఎదుటే ఏకిపారేశారు. మర్నాడు కొత్త మేయర్ ఎజెండాకు దక్కాల్సిన చర్చలో సగం ఆ మర్యాద తప్పిన వైనానికి పోయింది. ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడాలో సెకన్లతో సహా రాసుకునే నిర్వాహకులు, ఏం మాట్లాడతారని మాత్రం అడగడానికి మొహమాటపడతారు. విమర్శ వద్దని కాదు. పిలిచి కూర్చోబెట్టి చేసే విమర్శకు ధైర్యం అక్కర్లేదు, అందుకని చెబుతున్నాం.

ఇప్పుడు మా వంతు.

2019 మే 20న షికాగోలో, వింట్రస్ట్ అరీనాలో లోరీ లైట్‌ఫుట్ మేయర్‌గా ప్రమాణం చేశారు. సంస్కరణల గురించి మాట్లాడుతూ ఒక చోట ఆగి, తన వెనక కూర్చున్న నగర కౌన్సిల్ సభ్యుల వైపు తిరిగారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. సభ్యులకు కూడా లేవక తప్పలేదు. ఏ ఫొటోగ్రాఫర్‌కైనా అదే ఆ రోజు ఫొటో, సందేహం లేదు. అదే రోజు ఆమె ఒక ఉత్తర్వు మీద సంతకం చేశారు. పర్మిట్లు, లైసెన్సుల విషయంలో తమ వార్డులో తామే రాజులన్నట్టు సభ్యులు చలాయిస్తూ వచ్చిన పెత్తనానికి కళ్లెం వేసే ఉత్తర్వు అది. వెనక్కి తిరిగి చూసిన క్షణం పది సెకన్లు. ఉత్తర్వు ప్రభావం ఆ నగరంలో దుకాణం పెట్టుకోవాలనుకునే ప్రతి మనిషి మీదా పడుతుంది. ఈ రెండింట్లో మొదటి పేజీ పైభాగానికి ఏది వెళ్లాలి అని మా డెస్క్‌ను అడిగితే నిజాయితీగా వచ్చే జవాబు మాకు తెలుసు. నాలుగు కాలమ్‌ల ఫొటోకు ఇచ్చి, ఉత్తర్వును లోపలి పేజీలో బాక్స్ కడతాం. తప్పని తెలిసే కడతాం, ఎందుకంటే అప్పటికి ఎడిషన్ టైం అయిపోతూ ఉంటుంది, ఉత్తర్వు కాపీ చేతికి వచ్చి ఉండదు.

ఇందులో నిర్వాహకుల బాధ్యత కొంత ఉంది. విలేకరులకు కావాల్సింది మెత్తటి కుర్చీలూ, సంచీలో పెట్టిచ్చే పెన్నూ డైరీ కాదు. వేదిక మైకుల నుంచి నేరుగా వచ్చే ఆడియో లైన్, ఎదురుగా కెమెరాలు నిలబెట్టుకోవడానికి అడ్డం లేని ఎత్తు, నెట్, ప్లగ్గు పాయింట్లు, ప్రసంగ పాఠం ఒక గంట ముందు. లౌడ్‌స్పీకర్ల వెనక మీడియా గ్యాలరీ వేసిన సభలకు మేమూ వెళ్లాం. మేయర్ వీపు తప్ప మొహం కనపడని చోట మూడు గంటలు కూర్చుని, చివరికి వాళ్లు పంపిన ఫొటోనే వాడుకున్నాం. వాళ్లు పంపిన ఫొటోలో ఖాళీ కుర్చీలు ఉండవు, ఆవలించే అధికారి ఉండడు. అలాంటి ఫొటో వేసినప్పుడు కింద ఎవరిచ్చిందో రాయడం కనీస మర్యాద. మేము ఎప్పుడూ రాశామని గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేం.

ముందే ఇచ్చే ప్రసంగ పాఠంతో ఇంకో ప్రమాదం. టైం కలిసొస్తుందని ఆ కాగితం చూసే వార్త కొట్టేస్తాం. తీరా మైకు ముందు మేయర్ ఒక పేరా వదిలేస్తారు. ఆ వదిలేసిన పేరాలోనే అసలు వార్త ఉండొచ్చు. అచ్చులో ఉన్న హామీ నోటితో ఎందుకు రాలేదని అడగాల్సిన వాళ్లం, రాని హామీని హెడ్డింగ్ పెట్టి ఊరుకుంటాం. ప్రసంగంలో వెతకాల్సింది లెక్కకు దొరికే మాట. 2002 జనవరి 1న బ్లూమ్‌బర్గ్ తన కార్యాలయ సిబ్బందిని 20 శాతం తగ్గిస్తానన్నారు. నచ్చినా నచ్చకపోయినా అది ఆర్నెల్ల తర్వాత వెళ్లి మనుషుల్ని లెక్కపెట్టగల మాట. ‘నవశకం’, ‘ప్రజల పాలన’ వంటివి ఎన్ని ఆర్నెల్లు గడిచినా లెక్కకు అందవు. వాటికే మేము పెద్ద అక్షరాలు వాడతాం.

డబ్బు సంగతి క్లుప్తంగా. సభ ఖర్చు నగర ఖజానాది అయితే బిల్లు జనానికి చూపించాలి. విరాళాలతో అయితే ఎవరిచ్చారో చూపించాలి. న్యూయార్క్‌లో పదవి మార్పిడి, ప్రమాణ సభ కోసం తీసుకునే విరాళాలకు పరిమితి ఉంది, దాతల పేర్లు ఎన్నికల ఖర్చును చూసే నగర బోర్డుకు చెప్పి తీరాలి. గెలిచాక వచ్చే దాత, గెలవక ముందు వచ్చిన దాత కంటే తెలివైనవాడని ఆ నిబంధన రాసినవాళ్లకు తెలుసు. ఇదే వరసలో మా సంగతి కూడా. ఆ రోజు మా పేజీల్లో శుభాకాంక్షల ప్రకటనలు వస్తాయి. ఇచ్చేవాళ్లలో కాంట్రాక్టర్లుంటారు, ఆ డబ్బు మేము తీసుకుంటాం. ప్రకటన ఇచ్చినవాళ్ల పేర్లు దాచిపెట్టుకోవాల్సినవి కావు, పేజీలోనే ఉన్నాయి. ఏడాది తర్వాత టెండర్ల జాబితాను ఆ పేజీ పక్కన పెట్టి చూసే ఓపిక ఉన్న పాఠకుడికి మా పాత సంచికలు ఎప్పుడూ అందుబాటులో ఉంటాయి. ఆ పని మేమే చేయొచ్చు కదా అంటారా? చేయాలి.

ఈసారి కొత్త పాలకవర్గం ప్రమాణానికి మా తరఫున ఇద్దరు వెళ్తారు. ఒకరు వేదిక దగ్గరికి. ఫొటో, చప్పట్లు, ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు వగైరా ఆ విలేకరి చూసుకుంటారు. వాటిని చదవడం మాకూ ఇష్టమే. రెండో విలేకరి క్లర్కు ఆఫీసుకు వెళ్తారు. సంతకమైన ప్రమాణ పత్రం, ఆ రోజు జారీ అయిన ఉత్తర్వులు, నియామకాల కాగితాలు చూసి, కాపీలు అడిగి, సాయంత్రం ఆరుకల్లా డెస్క్‌కు పంపుతారు. ఆ కాపీల కోసం మొదటి పేజీలో రెండు కాలమ్‌లు ముందే ఖాళీ పెట్టాం. నిర్వాహకులు ఇప్పటికే మీడియా పాస్‌ల ఫారం పంపించారు, అందులో వేదిక, గ్యాలరీ, విందు అని మూడు గడులున్నాయి. క్లర్కు ఆఫీసుకు గడి లేదు. మామూలు రోజుల్లో ఆ తలుపు ఎవరికైనా తెరిచే ఉంటుంది కాబట్టి పాస్ అవసరం ఉండకపోవచ్చు. వేడుక సందర్భంగా ఆ ఆఫీసుకు సెలవేమో, అదొక్కటి కనుక్కోవాలి.