ఇద్దరు కుర్రాళ్లుంటే చాలట!

ఒక మెసేజీ మొదట మా బావ పంపాడు. తర్వాత కాలేజీ గ్రూపులో వచ్చింది. నిన్న బెంగళూరు నుంచి మా పెద్దమ్మ కొడుకు "నీకు పనికొస్తుందిరా" అని మళ్లీ పంపాడు. 'మన కర్నూలు కొండారెడ్డి బురుజు దివ్యాంగులు కూడా హాయిగా చూడొచ్చు!' అని హెడ్డింగు, కింద ఆరు పాయింట్లు, చివర్లో మూడు దండాలు. కొత్తగా ఏమైనా కట్టారేమో అని ఆశపడి చదివాను. ఏమీ కట్టలేదు. మెట్లు అవే, ఎండ అదే. మారిందల్లా మన పేరు, వికలాంగుల నుంచి దివ్యాంగులకు.

నాది పోలియో కాలు. కాలిపర్ (కాలు నిలబడటానికి కట్టుకునే ఊత చట్రం), చంకకర్ర, దూరం పోవాలంటే మడత వీల్‌చైర్. నేను ఈ ఊరివాణ్ణే కాబట్టి నాలుగు ముక్కలు చెప్పే హక్కుందనుకుంటా.

కృష్ణదేవరాయలు కట్టించాడన్నది మొదటి పాయింటు. కోట కట్టించింది ఆయన తమ్ముడు అచ్యుతదేవరాయలని చెప్తారు. అన్న పేరు పెట్టినంత మాత్రాన మెట్లేమీ తగ్గవు, వదిలేద్దాం. లోపల్నుంచి గద్వాల దాకా సొరంగం ఉందన్నది ఆరోది. అందులో ర్యాంపు ఉంటే చెప్పండి, వస్తా.

"మెట్లు కొన్నే, మెల్లగా ఎక్కితే ఎవరైనా ఎక్కొచ్చు" అని రెండోది. రాసినాయన ఎక్కడం గురించే ఆలోచించాడు, దిగడం మర్చిపోయాడు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు వేస్తాం, బలమంతా దానిదే. దిగేటప్పుడు కర్రా, చచ్చు కాలూ ముందు పోవాలి. పాత కోటల్లో అరిగిన రాతి మెట్టు మీద కర్ర కింది రబ్బరు బుష్ జారిందంటే, పట్టుకోవడానికి గోడ తప్ప ఏమీ ఉండదు. వెనక నుంచి సెల్ఫీ బ్యాచ్ "అన్నా, కొంచెం జరుగు" అంటుంటుంది. ఎక్కడికి జరగాలి సామీ?

ఇక మూడోది. దీనికోసమే ఇదంతా రాస్తున్నా. "ఇద్దరు కుర్రాళ్లుంటే చాలు, కుర్చీతో సహా ఎత్తుకుని పైకి తీసుకెళ్లొచ్చు. మన సీమ కుర్రాళ్లు కాదంటారా?"

కాదనరు. చిక్కంతా అక్కడే ఉంది. మంచి మనసుతో పరిగెత్తుకొచ్చి, ఒక్క మాటైనా అడక్కుండా, చేతికి దొరికింది పట్టుకుని లేపుతారు. చాలా కుర్చీలకు చేతులు, పాదాల పలకలు ఊడొచ్చేలా ఉంటాయి. వాటిని పట్టుకుని లేపితే అవి మీ చేతికొస్తాయి, మేం కిందికొస్తాం. పట్టుకోవాల్సింది ఊడని ఫ్రేమును. ఎక్కించేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, కొంచెం వాల్చి లాగాలి. బ్రేకు ఎప్పుడు వెయ్యాలో, "ఒకటి, రెండు" ఎవరు అనాలో కూర్చున్న మనిషిని అడగాలి. మోటారు కుర్చీ అయితే ఆ ఆలోచనే మానుకోవాలి.

నాలుగేళ్ల కింద ఒక పెళ్లిలో నన్నిలాగే నలుగురు లేపారు. ఇద్దరు కాదు, నలుగురు. ఐదో మెట్టు దగ్గర ఒకడి చెప్పు జారింది, కుర్చీ ఎడమకు ఒరిగింది. నేను ముందున్నవాడి చొక్కా పట్టేసుకున్నా. పైకి చేరాక చూస్తే నా పిడికిట్లో వాడి గుండీ ఉంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. భోజనం మాత్రం దిగలేదు, మళ్లీ దింపుతారు కదా అన్న టెన్షన్‌తో. ఆ వీడియో కూడా తీశారు. "మానవత్వం ఇంకా బతికే ఉంది" అని స్టేటస్ పెట్టుకున్నారు. మానవత్వం బతికే ఉంది నాయనా, నేను బతికుండటమే విశేషం.

నాలుగో పాయింటు దీని తోకే: "రక్షిత కట్టడం కాబట్టి ర్యాంపు పెడితే చట్టరీత్యా నేరం, అందుకే ఎత్తుకోవడమే దారి." అవునా? తాజ్‌మహల్ రక్షిత కట్టడం కాదా? అక్కడ ర్యాంపులున్నాయి. కుతుబ్ మీనార్ దగ్గరా ఉన్నాయి. చుట్టూ వంద మీటర్ల లోపు ఎవరికి వాళ్లు ఇష్టమొచ్చినట్టు కట్టడాలు లేపొద్దంది పురావస్తు చట్టం. రాయిని తాకకుండా పురావస్తు శాఖే ఒక చెక్క ర్యాంపు పరిస్తే ఎవరిని జైల్లో పెడతారు? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమైతే జనం వాడే పాత భవనాలను కూడా మాకు వీలుగా మార్చాలని ఐదేళ్ల గడువు పెట్టింది. నియమాలు వచ్చింది 2017లో. లెక్క మీరే వేసుకోండి.

అలాగని బురుజు నెత్తిదాకా ర్యాంపు అడగట్లేదు. అరడుగు ఎత్తుకే ఆరడుగుల వాలు కావాలి, పన్నెండుకు ఒకటి లెక్కన. నాకు కావాల్సింది కింద గోడ దాకా కుర్చీ పోయే దారి, ఆ ట్రాఫిక్‌లో రోడ్డు దాటే వీలు, దగ్గర్లో కుర్చీ పట్టే బాత్రూం. ఈ మూడింటి మీద ఆ మెసేజీలో ఒక్క అక్షరం లేదు.

మిగిలింది ఐదోది, "పైకి ఎక్కకపోతే చూసినట్టే కాదు". దీన్నీ ఉతికి ఆరేద్దామనే కూర్చున్నా. కానీ అబద్ధం చెప్పలేను. నాకు ఏడేళ్లప్పుడు మా నాన్న కాలిపర్ విప్పి అమ్మ చేతికిచ్చి, నన్ను వీపు మీద ఎక్కించుకుని పైకి తీసుకెళ్లాడు. పాతూరి మిద్దెల మీద ఎర్ర మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎంతసేపు చూశానో. కింద నుంచి అది కనపడదు, ఒప్పుకుంటా. కాకపోతే నాన్న ముందు అడిగాడు, "పోదామా?" అని.

బావా, ఆదివారం కర్నూలు వస్తున్నావుగా. బురుజు కనపడేలా కూర్చుని ఉగ్గాని బజ్జి తిందాం, పొద్దున్నే, ఎండెక్కక ముందు. కుర్రాళ్లెవరూ వద్దు. ఆ హోటల్ ముందు అరడుగు మెట్టుంది. కారులో ఆరడుగుల చెక్క పలక ఒకటి వేసుకుని రా.