వర్కల కొండ మీద మీవాడి పేరెందుకు?

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల గ్రూపులో పొద్దున్నే ఒక ఫొటో పడింది. కేరళలోని వర్కల బీచ్‌లో ఓ కుర్రాడు కొండ గోడ మీద బైక్ తాళంచెవితో తన పేరు చెక్కుతున్నాడు. ఆ తెల్లటి బంకమట్టి పొర మెత్తన, అక్షరాలు లోతుగా దిగాయి. కింద వాళ్ల నాన్న గర్వంగా 'మావాడి సంతకం' అని రాశారు. వరసపెట్టి హార్ట్‌లు! ఊరుకోలేక 'అది జాతీయ భూవారసత్వ స్థలమండీ, అలా గీకకూడదు' అని పెట్టాను. జవాబు వెంటనే వచ్చింది: 'అన్నా, మట్టిగోడ కోసం అంత టెన్షన్ ఎందుకు?'

మట్టిగోడా? పైన ఎర్రటి లేటరైట్ (ఇనుము ఎక్కువున్న గట్టి పొర), దాని కింద ఇసుకరాయి, రంగురంగుల బంకమట్టి, మధ్యమధ్య నల్లటి లిగ్నైట్ (ఒక రకం మెత్తటి బొగ్గు) చారలు. లక్షల ఏళ్ల నాటి మయో-ప్లయోసీన్ కాలపు పొరలివి. 19వ శతాబ్దంలో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటికి ఆ ఊరి పేరే పెట్టాడు. లిగ్నైట్ అంటే ఒకప్పటి అడవండీ! ముక్కను వెలుతురులో తిప్పి చూస్తే చెక్క నార కనిపిస్తుంది. అందులో మిగిలిన పుప్పొడిని బట్టి అప్పుడు ఏ చెట్లుండేవో చెబుతారు. ఇంకా అడుగున ఉండే కొల్లం సున్నపురాయిలో నత్తగుల్లలు, పగడాలు. ముందు సముద్రం, తర్వాత తీరపు చిత్తడి అడవి. ఈ కథంతా ఆ గోడలోనే ఉంది.

ఆ కుర్రాడి నాన్న ఒక నల్ల లిగ్నైట్ ముక్క ఇంటికి తెచ్చి షోకేసులో కూడా పెట్టారు. ఆరిపోతే లిగ్నైట్ పగుళ్లిచ్చి పొడైపోతుంది. కొన్నాళ్లకు పనమ్మాయి ఊడ్చి చెత్తలో పోస్తుంది. ఇన్ని లక్షల ఏళ్లు నిలిచింది మారతహళ్లి చెత్తబుట్టలోకి పోవడానికా?

ఆ కొండ అసలే ఆగలేక జారుతోంది. వాననీరు లేటరైట్‌లోంచి, ఇసుకరాయిలోంచి దిగి, బంకమట్టి దగ్గర ఆగి ఊటలుగా బయటికొస్తుంది. నానిన బంకమట్టి జారుతుంది, కింద అలలు కోస్తాయి, పైనుంచి పెళ్లలు విరిగి పడతాయి. పైన అంచుదాకా కట్టేసిన రిసార్టులు వేరే. 2024లో, అక్కడ పితృకర్మలు చేసే బలిమండపం దగ్గర కొండను కొంత తవ్వేస్తే భారత భూగర్భ సర్వే సంస్థ (జీఎస్ఐ) అభ్యంతరం చెప్పింది.

కేరళవాళ్లను తిట్టడానికి మనవాళ్లు ముందుంటారు. మరి మన భీమిలి ఎర్రమట్టి దిబ్బల సంగతేంటి? సముద్రం వెనక్కి తగ్గిన రోజుల్లో గాలి తెచ్చి పోసిన ఇసుక, ఇనుము పూత పట్టి ఎర్రబడింది. అక్కడా అదే 2024లో జేసీబీలు దిగాయి. 2025లో వర్కల, ఎర్రమట్టి దిబ్బలు రెండూ యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. అయినా మనకు ఆ దిబ్బలు పాటల షూటింగ్ స్పాటే. ఇక్కడ లాల్‌బాగ్ బండ వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. దాని మీద చిప్స్ కవర్లు ఏరుతూ నేనెన్ని సాయంత్రాలు గడిపానో!

నా అసలు మంట వేరే ఉంది. సి.వి. రామన్ శిష్యుడు మహదేవన్ గారు జియాలజీ చెప్పిన ఊరు విశాఖ. అదే విశాఖలో మా అక్క కొడుకు జియాలజీ చదువుతానంటే, ఇంటిల్లిపాదీ 'ఇంజినీరింగ్ సీటు రాలేదా?' అని వాణ్ని తినేశారు. అలా అన్నవాళ్లలో ఇద్దరు ఇదే గ్రూపులో ఉన్నారు, ఈ ఫొటోకి హార్ట్ కొట్టారు. వాడి గదిలో అట్టపెట్టె నిండా రాళ్లుండేవి, ఒక్కోదాని మీద ఊరి పేరు, తేదీ. ఆ పెట్టెను అటక మీద పడేసి వాణ్ని కంప్యూటర్ సైన్స్‌లో చేర్పించారు. దీన్ని మాత్రం నేను క్షమించను.