గైడ్ ఆగమంటే ఆగాల్సిందే

హుద్‌హుద్ అనగానే మనకు విశాఖే గుర్తొస్తుంది. 2014 అక్టోబర్ 12, ఆదివారం మధ్యాహ్నం. కూకటివేళ్లతో లేచిపోయిన చెట్లు, పైకప్పు చిరిగిపోయిన ఎయిర్‌పోర్టు, రోజుల తరబడి కరెంటు లేని రాత్రులు. ఆ తుపాను మాత్రం విశాఖతో ఆగలేదు. బలహీనపడుతూ ఉత్తరానికి వెళ్లి, రెండు రోజుల తర్వాత దాదాపు 1,200 కిలోమీటర్ల అవతల నేపాల్‌లోని అన్నపూర్ణ పర్వతాల మీద మంచు తుపానై విరుచుకుపడింది. 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా కనుమ దాటి ముక్తినాథ్ వైపు దిగుతున్న ట్రెక్కర్లు, గైడ్లు, పోర్టర్లు అందులో చిక్కుకున్నారు. ఆ ప్రాంతం మొత్తం మీద 40 మందికి పైగా చనిపోయారు. అక్టోబర్ అంటే అక్కడ ఆకాశం తేటగా ఉండే నెల, ట్రెక్కింగ్‌కి మంచి సీజన్.

తుపాను ఒకటే. తీరంలో కలెక్టర్ దగ్గర్నుంచి వీఆర్వో దాకా "ఇల్లు ఖాళీ చేయండి" అని చెప్పే అధికారం ఉన్నవాళ్లున్నారు. లక్షల మందిని ముందే తరలించారు. రానన్నవాళ్లని బతిమాలారు, మాట వినకపోతే గద్దించారు. కనుమ మీద ఆ మాట అనాల్సిందెవరు? గైడే అనాలి. అన్నా వినాలన్న రూలేమీ లేదు.

హిమాలయాల్లో పవిత్ర సరస్సుల ట్రెక్కులు ఇప్పుడు మన వాళ్లలో బాగా పెరిగాయి. వాటి గురించి చర్చ వచ్చినప్పుడల్లా చెత్త గురించి, రద్దీ గురించి, షూస్ బ్రాండ్ల గురించి మాట్లాడుకుంటాం. చెత్త సంగతి తేల్చాల్సిందే, కాదనను. కానీ నా దృష్టిలో అసలు ప్రశ్న వేరే ఉంది. వెనక్కి తిరుగుదాం అనే నిర్ణయం ఎవరిది? అది స్థానిక గైడ్ చేతిలో ఉండాలి, చట్టబద్ధంగా ఉండాలి, ఆ నిర్ణయం తీసుకున్నందుకు అతనికి ఒక్క రూపాయి కూడా నష్టం రాకూడదు. ఇది తేలనంత కాలం మిగతా జాగ్రత్తలన్నీ బ్రోషర్‌లో రాసుకోవడానికే.

2024 జూన్‌లో సహస్ర తాల్ దగ్గర జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ, టిహరీ జిల్లాల సరిహద్దులో నాలుగు వేల మీటర్ల పైన ఉన్న సరస్సుల గుంపు అది. స్థానికులకు పుణ్యతీర్థం. గైడ్లతో కలిపి 22 మంది బృందం బయల్దేరింది, ఎక్కువమంది కర్ణాటకవాళ్లు. సరస్సు చూసి తిరిగొస్తుండగా వాతావరణం తిరగబడింది. మంచు, గాలి, ఎదురుగా ఉన్న మనిషి కనిపించని పొగమంచు. తొమ్మిది మంది చలికి చనిపోయారు. మిగిలిన 13 మందిని వాయుసేన హెలికాప్టర్లు, రాష్ట్ర విపత్తు దళం కాపాడాయి. తప్పెవరిదన్న చర్చ తర్వాత చాలా జరిగింది. నేను అందులోకి వెళ్లడం లేదు, ఆ రోజు అక్కడ ఎవరేమన్నారో బయట కూర్చుని తీర్పు చెప్పడం అన్యాయం. నేను అడిగేది అంతకు ముందు రోజు గురించి. బృందం బేస్ క్యాంప్‌లో ఉండగానే గైడ్‌కి అనుమానం వస్తే, మన దేశంలో ఏ ట్రెక్‌లోనైనా సరే, అతను ఏం చేయగలడు?

హైదరాబాద్ నుంచి బయల్దేరే ట్రెక్కర్ లెక్క వేసి చూడండి. రెండు వీకెండ్లు కలుపుకుని తొమ్మిది రోజుల సెలవు. రానూపోనూ ఫ్లైట్ టికెట్లు, క్యాన్సిల్ చేస్తే డబ్బు రాదు. ఢిల్లీ నుంచి కొండ కింద ఊరికి రాత్రంతా రైలో బస్సో, ఆపైన పగలంతా జీపు. తిరుగు ప్రయాణానికీ అంతే. మిగిలినవి ఐదారు రోజులు. ఆ ఐదారు రోజుల్లో ఎక్కాలి, సరస్సు చూడాలి, ఫొటో దిగాలి, దిగాలి. సోమవారం పొద్దున లాగిన్ అవ్వాలి. ఈ లెక్కలో మబ్బులకి ఒక్క రోజు కూడా కేటాయించలేదు. కొన్ని కంపెనీలు 'బఫర్ డే' అని ఒకటి పెడతాయి, దానికి మళ్లీ విడిగా డబ్బు. దాన్ని వాడుకుందాం అన్నవాడి వైపు గుడారంలో మిగతావాళ్లు ఎలా చూస్తారో వెళ్లినవాళ్లకి తెలుసు.

ఇప్పుడు గైడ్ వైపు నుంచి చూడండి. మే, జూన్, ఆపైన సెప్టెంబర్, అక్టోబర్. అతని ఏడాది సంపాదనంతా ఈ కొద్ది నెలల్లోనే రావాలి. చాలామందికి జీతం కాదు, రోజు కూలీ. మూడు రోజులు ముందే వెనక్కొస్తే మూడు రోజుల కూలీ పోతుంది, టిప్పు పోతుంది. పైగా కస్టమర్ రివ్యూ రాస్తాడు: 'అనవసరంగా భయపెట్టి వెనక్కి తెచ్చారు, మధ్యాహ్నానికల్లా ఎండ కాసింది.' మెలిక అంతా ఇక్కడే ఉంది. గైడ్ ఆపాక తుపాను రాకపోతే అతను పిరికివాడు. ఆపకుండా తీసుకెళ్లాక తుపాను రాకపోతే హీరో. తుపాను వచ్చేది ఎప్పుడో ఒకసారి. కాబట్టి పది సందర్భాల్లో తొమ్మిదిసార్లు మార్కెట్ అతనికి నేర్పే పాఠం ఒక్కటే: నోరు మూసుకుని ముందుకు నడిపించు. పదోసారి ఆ పాఠానికి అతను కూడా బలవుతాడు. థొరాంగ్ లా దారిలో చనిపోయినవాళ్లలో నేపాలీ గైడ్లు, పోర్టర్లు కూడా ఉన్నారు.

ఇక ఎత్తు సంగతి. ఐదు వేల మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు సగం. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెంచొద్దని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు విశ్రాంతి తీసుకోవాలని పర్వత వైద్యులు చెబుతారు. ఆరు రోజుల ప్యాకేజీల్లో ఆ విశ్రాంతి రోజు ఎక్కడుందో వెతుక్కోండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, మెదడు వాచినా మొదట చేయాల్సింది కిందికి దింపడం. ఆక్సిజన్ సిలిండరు, మందులు ఆ దిగే లోపు ప్రాణం నిలబెట్టడానికి పనికొస్తాయి. మన ట్రెక్కర్ తలనొప్పి ఉందా అంటే లేదంటాడు, ఎక్కడ వెనక్కి పంపేస్తారోనని. ఎత్తు జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర రాత్రి మింగి ఎవరికీ చెప్పడు. వేలికి ఆక్సీమీటర్ పెట్టే ముందు చేతులు రుద్దుకుని అంకె పెంచుకునే ఘనులూ ఉన్నారు! గైడ్ ఆ అంకెలతో పాటు నడక చూస్తాడు. అడుగు తడబడిందా, మాట ముద్దగా వస్తోందా, అన్నం ముట్టకుండా పక్కకి తిరిగి పడుకున్నాడా అని గమనిస్తాడు. ఆ చూపుకి విలువ కట్టని వ్యవస్థకి ఎన్ని పరికరాలు ఇచ్చినా ఒరిగేదేముంది?

దీనికి కంపెనీల జవాబు నాకు తెలుసు. మేము వచ్చాకే వాకీటాకీలు, ఆక్సిజన్, ప్రథమ చికిత్సలో శిక్షణ వచ్చాయంటారు. నిజమే, మంచి కంపెనీలున్నాయి, వాటి వల్ల ఊళ్లలో ఉపాధి పెరిగింది. చదువుకున్న పెద్దమనుషులు తమ రిస్కు తాము తీసుకుంటే మధ్యలో చట్టం ఎందుకని ఇంకొందరు అడుగుతారు. గైడ్ చేతికి అంత అధికారం ఇస్తే బద్ధకించి సగంలోనే వెనక్కి తెస్తాడేమోనని కూడా అంటారు. మంచు తుపానులో మీ రిస్కు మీతో ఆగదు. మిమ్మల్ని మోసుకురావాల్సినవాడికీ అదే చలి. బద్ధకం మాటకొస్తే, ఊరి కుర్రాడు ఆ దారిలో ఏటా తిరిగి తిరిగి బతకాలి, ఊరికే వెనక్కి తెచ్చేవాడిని వాళ్ల ఊరే పనిలోంచి తప్పిస్తుంది.

ఇదేదో నేను కొత్తగా కనిపెట్టిన సిద్ధాంతం కాదు. ఆ కొండల పాత యాత్రల్లో ఇది ఉంది. ఉత్తరాఖండ్‌లోనే చమోలీ జిల్లాలో నందాదేవి రాజ్ జాత్ జరుగుతుంది. నౌటీ ఊరి నుంచి హోమ్‌కుండ్ దాకా దాదాపు 280 కిలోమీటర్లు, దేవిని పుట్టింటి నుంచి అత్తవారింటికి సాగనంపే యాత్ర. ముందు నాలుగు కొమ్ముల పొట్టేలు నడుస్తుంది. రాజవంశీకులు జరిపే యాత్రే అయినా, ఆఖరి ఊరు వాణ్ చేరాక పద్ధతి మారుతుంది. అక్కడి నుంచి ముందు నడిచేది వాణ్ గ్రామదేవత లాటూ. నందాదేవికి తమ్ముడి వరస. రాజుగారు, పూజారులు, ఊళ్ల నుంచి వచ్చిన దేవతల పల్లకీలు అన్నీ అతని వెనకే. అడవి దాటి మంచులోకి అడుగుపెట్టే చోట నాయకత్వం ఆ నేల తెలిసినవాడి చేతికి వెళ్తుంది. దీన్ని నేను భక్తి కింద మాత్రమే చదవలేను, ఇందులో గట్టి పర్వత జ్ఞానం ఉంది.

పన్నెండేళ్లకోసారి అని పేరే గానీ ఈ యాత్ర గడియారం చూసుకుని జరగదు. ఈమధ్య జరిగినవి 1987లో, 2000లో, 2014లో. నిజానికి ఆ చివరిది 2013లో జరగాల్సింది. ఆ జూన్‌లో కేదార్‌నాథ్ వరదలు ఉత్తరాఖండ్‌ని అతలాకుతలం చేశాక మరుసటి ఏడాదికి వాయిదా వేశారు. దేవి అత్తవారింటికి వెళ్లడమే ఏడాది ఆగింది. మన సెలవు ఆగదట.

ఆ దారిలోనే రూప్‌కుండ్ ఉంది. దాదాపు 5,020 మీటర్ల ఎత్తులో మనుషుల ఎముకలతో నిండిన చిన్న సరస్సు. కన్నౌజ్ రాజు జసధవళుడు కొండ నియమం లెక్కచేయకుండా నాట్యగత్తెలతో, ఆర్భాటంతో వచ్చాడని, దేవి కోపానికి పరివారమంతా వడగళ్ల కింద పడి చచ్చారని గఢ్వాలీ జానపదులు పాడతారు. సరస్సుకి కింద 'పాతర్ నచౌనీ' అన్న చోటు ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న అధ్యయనం 2019లో వచ్చింది. 38 మంది డీఎన్ఏ పరీక్షిస్తే వాళ్లంతా ఒకే గుంపు కాదని, కొందరికి మరికొందరికి మధ్య దాదాపు వెయ్యేళ్ల తేడా ఉందని తేలింది. ఒక గుంపు పూర్వీకులు తూర్పు మధ్యధరా ప్రాంతం వాళ్లు! అంటే బయటి నుంచి వచ్చినవాళ్లు ఆ కొండ మీద ఒక్కసారి కాదు, పదే పదే చనిపోయారు.

రూప్‌కుండ్ ఇప్పుడు మామూలు ట్రెక్కర్లకు దాదాపు మూతపడినట్టే. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్లలో, అంటే ఎత్తైన పచ్చిక మైదానాల్లో, రాత్రి బస నిషేధించింది. రోజుకి 200 మందికి మించి వెళ్లకూడదంది. బేద్నీ, ఆలీ మైదానాలకు ఊపిరి పీల్చుకునే వీలు దొరికింది, దాన్ని ఎవరు కాదంటారు? అయితే లోహాజంగ్, వాణ్ ఊళ్లలో కంచర గాడిదలు తోలేవాళ్లు, గైడ్లు, వంటవాళ్ల పని ఒక్క తీర్పుతో దెబ్బతింది. పెద్ద కంపెనీలకేం, వేరే సరస్సు, వేరే లోయ వెతుక్కున్నాయి. గుడారాలు ఎక్కడ వేస్తే గడ్డి చావదో తెలిసింది వాణ్ వాళ్లకే. వాళ్ల మాటకి కంపెనీ దగ్గర విలువ లేదు.

నేపాల్ 2023 ఏప్రిల్ 1 నుంచి విదేశీ ట్రెక్కర్లకు గైడ్ తప్పనిసరి చేసింది. మంచిదే, సగం మేలు. గైడ్‌ని వెంటబెట్టుకోవడం ఒక ఎత్తు, అతని మాట వినడం ఇంకో ఎత్తు. మన దగ్గర ఈ దారుల్లో చాలావాటికి అటవీ శాఖ పర్మిట్ కావాలి. ఆ పర్మిట్‌లోనే షరతులు రాయొచ్చు. గైడ్ ఆపితే ట్రెక్ అక్కడితో ఆగాలి. కంపెనీ ఆఫీసు నుంచి ఫోన్ చేసి మార్చడానికి వీల్లేదు. ఆగిన రోజులకీ గైడ్‌కి, పోర్టర్‌కి పూర్తి కూలీ ఇవ్వాలి. కస్టమర్ డబ్బు ఏడాది లోపు ఇంకో ట్రెక్‌కి జమ కావాలి. ఆపడానికి కారణం అక్కడికక్కడే పుస్తకంలో రాయాలి. దీనికి కొత్త చట్టసభ తీర్మానం కూడా అక్కర్లేదు, జిల్లా స్థాయిలో చేయగల పని.

దీన్ని హిమాలయాల గొడవ అనుకుని పక్కన పెట్టేవాళ్లకి కచ్చులూరు గుర్తుచేయాలి. 2019 సెప్టెంబర్ 15, ఆదివారం. గోదావరి వరద మీదుంది. పాపికొండలు చూపించే ప్యాకేజీ బోటులో 77 మంది ఎక్కారు, బయటపడింది 26 మంది. కచ్చులూరు దగ్గర నది ఎలా సుడి తిరుగుతుందో ఆ ఒడ్డు జాలర్లందరికీ తెలుసు. ఆ ఉదయం 'ఇవాళ వద్దు' అనే అధికారం వాళ్లలో ఎవరికీ లేదు. మునిగిన బోటును బయటికి తీయడం చేతగాక అధికారులు తలలు పట్టుకున్నాక చివరికి పిలిచింది కాకినాడ ధర్మాడి సత్యం బృందాన్ని. లంగర్లు, ఇనుప తాళ్లు, డైవర్లు, నది పోకడ తెలిసిన మనుషులతో 38వ రోజున బోటును బయటికి లాగారు. మన వ్యవస్థ స్థానిక జ్ఞానాన్ని పిలిచేది శవాలు వెలికి తీయడానికి. బోటు కదలకముందు అదే మనిషి 'వద్దు' అని ఉంటే ఎవరు వినేవారు? ఏ మ్యాన్‌హోల్ ప్రమాదమో అందులోకి దిగే కార్మికుడికి ముందే అనుమానం వస్తుంది, లోడు ఎక్కువైందని లారీ డ్రైవర్‌కి స్టీరింగ్ చెబుతుంది. పని ఆపే హక్కు మాత్రం చోటు మీద లేని కాంట్రాక్టర్ జేబులో ఉంటుంది.

పర్మిట్‌లో ఆ షరతులు వచ్చేదాకా కస్టమర్‌గా చేయగలిగింది ఒకటుంది. ఈ సెప్టెంబర్, అక్టోబర్‌లకి ట్రెక్ బుక్ చేసుకుంటున్నవాళ్లు డబ్బు కట్టే ముందు కంపెనీకి ఒక మెయిల్ పెట్టండి: స్థానిక గైడ్ సగంలో ఆపేస్తే అతని కూలీ ఎవరిస్తారు, నా డబ్బు ఏమవుతుంది? ఫోన్‌లో తీయగా చెబుతారు, దానికి పొంగిపోవద్దు. జవాబు రాతలో వచ్చేదాకా టికెట్లు బుక్ చేయకండి.