ముందు టైరు మార్చాలా వద్దా: బావా బామ్మర్దుల వాదన

బావది విశాఖలో గాజువాక. పొద్దున్నుంచి రాత్రి దాకా బండి మీద పార్సిళ్లు చేరవేసే పని. బండి 150 సీసీది, ముందు 2.75-17, వెనక 100/90-17 టైర్లు. వెనక టైరు నున్నగా అయిపోయింది, మార్చక తప్పదు. ఆ మాట బావే ఒప్పుకున్నాడు. బామ్మర్దిది మర్రిపాలెం. ఋషికొండ ఐటీ పార్కులో ఉద్యోగం, సెలవు దొరికితే అరకు ఘాట్ ఎక్కేస్తాడు. వెనకదొక్కటే మార్చి, ఎక్కువ కిలోమీటర్లు వచ్చే గట్టి టైరు వేయిస్తానంటాడు బావ. రెండూ మార్చాలి, వెనక కాస్త వెడల్పుది వెయ్యాలి, రెండూ పట్టు ఎక్కువుండే మెత్తటి రబ్బరువి కావాలి అంటాడు బామ్మర్ది. ట్యూబ్‌లెస్సే వేయించాలన్న సంగతిలో ఇద్దరికీ తగువు లేదు కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను.

బావ: వెనక టైరే రెండు వేలు దాటుతోంది. ముందుదానికి గీతలు ఎంత లోతున్నాయో నువ్వే చూడు. అగ్గిపుల్ల తల మునుగుతోంది. అరగని టైరు తీసి పారేయమంటావేంటి?

బామ్మర్ది: గీతలు సరే బావా. టైరు పక్కన అంకెలు చూశావా? ‘డాట్’ అక్షరాలున్న వరుస చివర అండాకారపు గడి ఉంది చూడు. అందులో 3617 అని ఉంది. అంటే 2017లో 36వ వారంలో తయారైంది. నీ బండితో పాటు వచ్చిన టైరు ఇంకా తిరుగుతోంది.

బావ: తేదీ దాటితే విరిగిపోవడానికి అదేమైనా పాల ప్యాకెట్టా? టైరు కంపెనీలే పదేళ్ల దాకా వాడుకోవచ్చంటాయి.

బామ్మర్ది: పదేళ్లు చివరి గడువు. ఆ తర్వాత గీతలెంత ఉన్నా తీసెయ్యాల్సిందే అని అర్థం. అయిదేళ్లు దాటాక ఏడాదికోసారి తెలిసినవాళ్లకి చూపించుకోమని కూడా ఆ కంపెనీలే చెబుతాయి. ఆ మాట మాత్రం ఎవరికీ గుర్తుండదు. నువ్వెప్పుడైనా చూపించావా?

బావ: పంక్చర్ వేసినప్పుడల్లా షాపు కుర్రాడు చూస్తూనే ఉన్నాడు కదా.

బామ్మర్ది: వాడు మేకు కోసం చూస్తాడు. నువ్వు ఫోన్ లైటు వేసి, గీతల అడుగున చూడు. పైన కాదు, అడుగున. ఆ తర్వాత రిమ్‌కి ఆనుకుని ఉన్న పక్క భాగం చూడు.

(చూశారు. గీతల అడుగున అడ్డంగా సన్నటి పగుళ్లు, ఒకదాని పక్కన ఒకటి. బావ గోరుతో గట్టిగా నొక్కాడు. రబ్బరు మీద గుర్తు కూడా పడలేదు. పక్కనే బామ్మర్ది బండి ముందు టైరు మీద అదే గోరుతో నొక్కితే కాసేపు గంటు నిలిచింది.)

బామ్మర్ది: ఇదీ నేను చెప్పేది. నీ టైరు బాగుండి అరగకుండా ఉండలేదు బావా, గట్టిపడిపోయి అరగడం మానేసింది. రబ్బరులో నూనెలు, మందులు కలుపుతారు. ఎండకి, వేడికి, గాలికి ఏళ్ల తరబడి అవి పోతాయి. బండి రోజంతా ఎండలోనే ఉంటుంది. గీతలు మిగిలి ఉంటాయి, పట్టు మిగలదు.

బావ: వెనకది ఇట్టే అరిగిపోతోంది, ముందుది అరగడం లేదు. బరువంతా వెనకే కదా మరి. బరువు మోసే చోట డబ్బు పెట్టడం తప్పా?

బామ్మర్ది: బండి లాగేటప్పుడు బరువు వెనకే. బ్రేకు వేసినప్పుడు? బండి మొత్తం ముందుకి వంగుతుంది, బరువు ముందు చక్రం మీదికొస్తుంది. ఆగడం, తిరగడం రెండూ ముందు టైరు పనే. వెనక చక్రం జారితే బండి తోక ఊపుతుంది, సర్దుకోవడానికి ఓ క్షణం దొరుకుతుంది. ముందు చక్రం జారితే ఆ క్షణం ఉండదు. నువ్వు నేల మీదుంటావు.

బావ: నేను ఎక్కువగా వెనక బ్రేకే వాడతాను.

బామ్మర్ది: ముందు బ్రేకు నొక్కితే చక్రం జారుతుందన్న భయంతోనే కదా? ఆ భయం నీకు ఆ టైరే నేర్పింది.

దీనికి బావ బదులు చెప్పలేదు. ఇక్కడ నేను పూర్తిగా బామ్మర్ది వైపే. మన దగ్గర జనం టైరు మార్చేది వెనకది నున్నగా అయినప్పుడే. ముందుది అరగదు కాబట్టి దాని వయసు ఎవరికీ పట్టదు. బళ్ల షెడ్లలో చూడండి, వెనక కొత్త టైరు మెరుస్తూ ఉంటుంది, ముందు మాత్రం షోరూంలో బిగించినదే ఉంటుంది.

బావ: సరే, ముందుది ఆలోచిద్దాం. వెనక్కి మాత్రం నా మాటే. నాకు కిలోమీటర్లు కావాలి. నువ్వు చెప్పే మెత్తటి టైర్లు నీలాంటి సెలవురోజు షికార్లకి. నాది కూర్మన్నపాలెం నుంచి హనుమంతవాక దాకా హైవే మీద నిటారు పరుగు, వెనక పెట్టె నిండా సరుకు. మెత్తటి రబ్బరు ఏడాది తిరక్కుండా మధ్యలో చదునైపోతుంది.

బామ్మర్ది: చదునైతే ఏమైంది? అప్పుడు మారుద్దాం.

బావ: అప్పుడు మారుస్తామా? చదునైన మర్నాడే మార్చే జీతం నాకుందా? ఇంకో ఆర్నెల్లు అలాగే లాగుతాను. మధ్యలో బల్లపరుపుగా, రెండు పక్కలా అంచు తేలిన టైరుతో మలుపు తిప్పి చూశావా నువ్వు? బండి కాస్త వంగేసరికి ఆ అంచు మీద కూర్చుంటుంది, ఒక్కసారిగా పక్కకి పడబోయినట్టు ఉంటుంది. గుండ్రం చెడని గట్టి టైరు, చదునైపోయిన మెత్తటి టైరు: వీటిలో ఏది మేలో చెప్పు.

బామ్మర్ది: మేలు సంగతి ఎండాకాలంలో చెబుతాను. వానలో చెప్పు నువ్వు. పోర్టు రోడ్డు మీద బొగ్గు లారీలు తిరుగుతాయి, ఆ పొడి మీద తుంపర పడితే నల్లటి పేస్టు అవుతుంది. పెద్ద వాన కడిగేస్తుంది, తుంపర కడగదు. షీలానగర్ సిగ్నల్ దగ్గర లారీలు కార్చిన డీజిలు. జీబ్రా గీతల పెయింటు. అక్కడ గట్టి టైరు పట్టుకుంటుందా?

బావ: వానలో నేను నెమ్మదిగా వెళ్తాను.

బామ్మర్ది: నువ్వు వెళ్తావు. నీ ముందు అడ్డంగా తిప్పేసే ఆటోవాడు చూసుకోడు కదా! నువ్వే ఆగాలి.

బావ: ఆగేది ముందు చక్రంతో అన్నావుగా ఇందాక!

(బామ్మర్దికి నవ్వొచ్చింది కానీ కాదనలేకపోయాడు.)

బావ: నీ మాటే నీకు చెబుతున్నా. ఆగేది ముందుదైతే ఆ పట్టు ముందు పెట్టు. మెత్తటిది ముందు వేయిస్తాను, ఎలాగూ అది త్వరగా అరగదు. వెనక గట్టిది వేయిస్తాను. కాకపోతే రెండు చక్రాలకి రెండు రకాలు వేస్తే బండి కుదురుగా నడుస్తుందా?

బామ్మర్ది: కంపెనీలే ముందుకి ఒక డిజైను, వెనక్కి ఒక డిజైను చేస్తాయి. కలపకూడనిది వేరే ఉంది. సైజులో 100/90-17 అని మధ్యలో గీత ఉంటే మామూలు నైలాన్ అల్లికది, గీత బదులు ఇంగ్లిషు ‘ఆర్’ అక్షరం ఉంటే రేడియల్. బండి కంపెనీ చెబితే తప్ప ముందు ఒకటి, వెనక ఇంకొకటి వెయ్యకూడదు. నీ బండికి రెండూ గీతవే, గొడవ లేదు.

బావ చెప్పిన ఈ పద్ధతి నాకు నచ్చింది. బామ్మర్ది చదివినవాడే, కానీ రోజూ బండి మీద బతికేవాడి లెక్క బావకే తెలుసు. మార్చడానికి చేతిలో డబ్బు లేక చదునైన టైరుతో తిరిగే నెలలు ఎవరూ కంపెనీ పుస్తకంలో రాయరు.

బామ్మర్ది: అయితే వెనక వెడల్పైనా ఒప్పుకో. 120/80 వేయిద్దాం. రోడ్డుకి ఎక్కువ తగులుతుంది, చూడ్డానికి కూడా నిండుగా ఉంటుంది.

బావ: ఇది మాత్రం నీ సరదా! 100/90 అంటే ఏంటి? వెడల్పు 100 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 90 శాతం, అంటే 90. నీ 120/80కి పక్క ఎత్తు 96. కింద ఆరు, పైన ఆరు, మొత్తం చక్రం 12 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మడ్‌గార్డ్ దగ్గర, చైన్ పక్కన ఉన్న సందే వేలెడు. బురద పట్టిందంటే రాసుకుంటుంది. రిమ్ అదే సన్న రిమ్, టైరు లావుది. రెండంచులూ లోపలికి నొక్కుకుపోయి పైభాగం ఉబ్బుతుంది. నువ్వనుకున్న వెడల్పు రోడ్డుకి తగలదు.

బామ్మర్ది: 110/80 అయితే? పక్క ఎత్తు 88. మొత్తం మీద తేడా నాలుగే మిల్లీమీటర్లు, అదీ తక్కువే.

బావ: నాలుగేలే. కానీ దేనికి? బండి బరువు అదే, గాలి అంతే. నేలకి తగిలే ముక్క పెద్దగా పెరగదు, ఆకారం మారుతుందంతే. పైగా బండి మలుపులో బద్ధకంగా వంగుతుంది, పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుంది. కంపెనీవాళ్లు ఆ రిమ్‌కి ఆ సైజు ఊరికే ఇవ్వలేదు.

బామ్మర్ది: నా ఫ్రెండ్స్ అందరూ వేసుకున్నారు.

బావ: వేసుకున్నాక ఎవడైనా స్కేలు పెట్టి కొలిచాడా?

(ఎవరూ కొలవలేదు. వెడల్పు సంగతి అంతటితో ఆగింది.)

బామ్మర్ది: సరే, కంపెనీ సైజే. ఏ బ్రాండ్ మరి?

బావ: ఎం.ఆర్.ఎఫ్., సియట్, టీవీఎస్, అపోలో, ఏదైనా నాకొకటే. అచ్యుతాపురంలో మనకే టైర్ల ఫ్యాక్టరీ పెట్టారు కదా, అక్కడివి చవగ్గా రావా?

బామ్మర్ది: అది 2022లో మొదలైన యొకోహామా వాళ్లది. ట్రాక్టర్లకి, పొలం యంత్రాలకి వేసే పెద్ద టైర్లు. మన బళ్లవి కావు. బ్రాండ్ సంగతి నువ్వన్నట్టే, ఒక్కో కంపెనీలోనూ గట్టివీ ఉంటాయి, మెత్తటివీ ఉంటాయి, పేరు చూస్తే సరిపోదు. వెనకదానికి సైజు పక్కన 55పి అని ఉండాలి, అంతకన్నా తక్కువ ఉంటే తీసుకోకు. 55 అంటే 218 కిలోల దాకా మోస్తుందని, ‘పి’ అంటే గంటకి 150 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుందని. నీ పెట్టె, మీ ఇద్దరూ కలిస్తే ఆ అంకెతో పని పడుతుంది.

బావ: మీ అక్క వింటే ఊరుకోదు, ఆమె బరువు లెక్కేస్తున్నావని.

బామ్మర్ది: అక్క వెనక కూర్చుంటుంది కాబట్టే ఇంతసేపు మాట్లాడుతున్నాను బావా. నీ ఒక్కడికే అయితే ఇంత పట్టుబట్టేవాణ్ని కాదేమో. దీపావళికి నర్సీపట్నం వెళ్లి వానలో రాత్రిపూట తిరిగొచ్చారు మీరు. ఆ ముందు టైరుతోనే వచ్చారు.

(కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు.)

బావ: రెండూ వేయిస్తాను. ఈ వారం వెనకది, జీతం రాగానే ముందుది.

బామ్మర్ది: తిరగెయ్యి. ఏదో ఒకటి వాయిదా వెయ్యాల్సి వస్తే అది ముందు టైరు కాకూడదు.

బావ: మరి వెనకది నున్నగా ఉంది. గీతల మధ్య ఎత్తుగా ఉండే అరుగుదల గుర్తు దాకా అరిగిపోయింది. దాన్ని ఇంకో నెల తిప్పమంటావా?

బామ్మర్ది: వద్దు. ముందుదానికి నేనిస్తాను, జీతం వచ్చాక ఇద్దువు గాని. రెండూ ఒకేసారి వేయిద్దాం. కానీ షాపులో నేను పక్కనుంటాను. కిందటిసారి ఓ షాపులో నాకు కొత్తదని చెప్పి మూడేళ్ల పాతది ఇవ్వబోయారు. బిగించకముందే తేదీ చూడాలి. బిగించేటప్పుడు బాణం గుర్తు చక్రం తిరిగే వైపుకి ఉందో లేదో చూడాలి. కొంతమంది హడావిడిలో తిరగేసి పెట్టేస్తారు. గాలి ఎక్కించే నెక్ (వాల్వ్) కూడా కొత్తది వేయించాలి, పాతదాని రబ్బరు కూడా ఆ టైరు వయసుదే.

బావ: సాయంత్రం నాలుగు ఆర్డర్లున్నాయి, వేయించుకుని అటే వెళ్లిపోతాను.

బామ్మర్ది: వెళ్లు, కానీ నెమ్మదిగా. అచ్చులోంచి టైరు ఊడి రావడానికి రాసిన పూత పైన ఉంటుంది, మొదటి వంద కిలోమీటర్లు అది జారుతుంది. గట్టిగా వంచకు, గట్టిగా బ్రేకు వెయ్యకు. బీచ్ రోడ్డు వైపు ఆర్డరుంటే తీసుకోకు, జోడుగుళ్లపాలెం దగ్గర ఇసుక పడి ఉంటుంది.

బావ: గాలి?

బామ్మర్ది: ముందు 25, వెనక నువ్వొక్కడివే అయితే 28, అక్క ఎక్కితే 32. అదీ పొద్దున్నే, బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిపించు.

బావ: మా వీధి చివర పంక్చర్ షాపు తొమ్మిదింటికి గానీ తియ్యడు.

బామ్మర్ది: షాపు దాకా తోసుకెళ్లు బావా, వీధి చివరే కదా.